ఇంటి ఎస్ప్రెసో యంత్రాన్ని విప్పి బాగుచేసుకోవడానికి కావలసిన పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో వాడే ఎస్ప్రెసో యంత్రాలు పైకి ఎంత వేరువేరుగా కనిపించినా లోపల ఉండేవి నాలుగైదు వస్తువులే: నీళ్ల తొట్టి, పంపు, నీటిని కాచే బాయిలర్ లేదా థర్మోబ్లాక్, నీటి దారిని మళ్లించే వాల్వు, వీటిని నడిపించే స్విచ్‌లు లేదా సర్క్యూట్ బోర్డు. మొదటిసారి విప్పేవారు ఈ వస్తువుల దగ్గర కంటే వాటిని కప్పి ఉంచే తొడుగు దగ్గరే ఎక్కువగా చిక్కుకుంటారు. ఏ మరకు ఏ మొన సరిపోతుందో తెలియక మర తలను అరగదీయడం, గుచ్చుకున్న ప్లాస్టిక్ కొక్కేన్ని విరగ్గొట్టడం వంటి నష్టాలు అసలు లోపం కంటే ఎక్కువ ఖర్చు తెచ్చిపెడతాయి. కింది జవాబుల్లో ఉదాహరణలకు ఎక్కువగా ఇటలీ వారి గాజియా క్లాసిక్‌ను తీసుకున్నాము. మామూలు పనిముట్లతో చివరిదాకా విప్పగలిగిన యంత్రాల్లో అదొకటి. డెలాంగీ, ఫిలిప్స్, జూరా, నెస్ప్రెసో యంత్రాల దగ్గర పద్ధతి మారే చోట ఆ మాట విడిగా చెప్పాము.

యంత్రం సరిగ్గా పనిచేయడం లేదు. వెంటనే పైకప్పు విప్పి చూడాలా?

చాలా సందర్భాల్లో ఆ అవసరం ఉండదు. పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి గిన్నెను పట్టి ఉంచే పిడి) అంచు చుట్టూ నీళ్లు కారడం, కాఫీ చుక్కలు చుక్కలుగా దిగడం, ధార ఒక పక్కనుంచే రావడం, ఆవిరి గొట్టం మూసుకుపోవడం వంటివన్నీ బయటినుంచే సరిచేయగలిగిన లోపాలు. కాఫీ దిగనప్పుడు ముందుగా పోర్టాఫిల్టర్‌ను తీసేసి ఖాళీగా నీళ్లు వదిలి చూడండి. నీళ్లు ధారాళంగా వస్తే లోపం యంత్రంలో లేదు, పొడి మరీ మెత్తగా ఉందన్న మాట. ఖాళీగా వదిలినా నీళ్లు రాకపోతేనో, ఒక మూలనుంచి మాత్రమే జారుతుంటేనో పోర్టాఫిల్టర్‌ను బిగించే గ్రూప్ హెడ్ అడుగున ఉండే షవర్ స్క్రీన్‌ను, అంటే నీటిని జల్లుగా పంచే చిన్న జల్లెడను విప్పి కడగాలి. ఆ పనికి ఒక స్క్రూడ్రైవరు, ఒక అలెన్ కీ, ఒక పాత టూత్ బ్రష్ సరిపోతాయి.

పంపు శబ్దమే రాకపోవడం, నీళ్లు వేడెక్కకపోవడం, యంత్రం అడుగునుంచి నీళ్లు కారడం, ప్లగ్గు పెట్టగానే ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోవడం అనే నాలుగు లక్షణాలకు మాత్రం పైకప్పు విప్పక తప్పదు.

కనీసం ఏయే పనిముట్లు దగ్గర ఉంచుకోవాలి?

నాలుగు రెక్కల మొన ఉన్న ఫిలిప్స్ రెండో నంబరు స్క్రూడ్రైవరు ఒకటి కావాలి. దాని కడ్డీ పొడవు 150 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఎందుకంటే ప్లాస్టిక్ తొడుగులున్న యంత్రాల్లో మరలు లోతైన గొట్టాల వంటి రంధ్రాల అడుగున ఉంటాయి, మొబైల్ ఫోన్ల కోసం అమ్మే పొట్టి మొనలు అక్కడికి చేరవు. దానికి తోడు ఫిలిప్స్ ఒకటో నంబరు, టీ10, టీ15, టీ20 కొలతల టోర్క్స్ (ఆరు కోణాల నక్షత్రపు) మొనలు, 2.5 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు అలెన్ కీలు, ఒక నోస్ ప్లయర్, ఒక కటింగ్ ప్లయర్, దవడ సర్దుకునే పానా ఒకటి, ఒక మల్టీమీటర్ ఉంటే ఇంటి పనుల్లో అధిక భాగం జరిగిపోతుంది. టోర్క్స్ మొనలు మధ్యలో రంధ్రం ఉన్నవే కొనండి. మధ్యలో చిన్న ముల్లు నిలబెట్టిన భద్రతా మరలకూ, ముల్లు లేని మామూలు మరలకూ అవే పనికివస్తాయి కనుక రెండు జతలు కొనే ఖర్చు తప్పుతుంది.

అలెన్ కీలలో ఒక చివర గుండ్రటి తల ఉన్నవి వస్తాయి. వాటిని వంకరగా పెట్టి కూడా తిప్పవచ్చు గనుక సౌకర్యంగానే ఉంటాయి. అయితే బిగుసుకుపోయిన బోల్టును వదిలించడానికి ఆ గుండ్రటి చివరను వాడకూడదు. అది బోల్టు లోపలి అంచులను పైపైనే పట్టుకుంటుంది, గట్టిగా తిప్పితే జారి అంచులను గుండ్రంగా చేసేస్తుంది.

పనిముట్టు అని ఎవరూ చెప్పని వస్తువు ఒకటి ఉంది. విప్పిన మరలను వరుసగా పెట్టుకోవడానికి ఇడ్లీ పళ్లెం కన్నా మంచిది మాకు ఇంతవరకు దొరకలేదు. విప్పిన క్రమంలో గుంటకొక దశ చొప్పున మరలు వేసుకుంటూ పోయి, బిగించేటప్పుడు చివరి గుంటనుంచి వెనక్కి వస్తే, పని ముగిశాక చేతిలో రెండు మరలు మిగిలిపోయే అవస్థ ఉండదు. తొలగించే ప్రతి తీగను, గొట్టాన్ని ముందుగా ఫోనులో ఫోటో తీసుకోవడం ఎలాగూ తప్పనిసరి.

దుకాణంలో స్టార్ స్క్రూడ్రైవరు అడిగితే ఇచ్చింది మరకు సరిపోవడం లేదు. ఎందుకు?

మన దుకాణాల్లో, మెకానిక్కుల మాటల్లో "స్టార్" అంటే నాలుగు రెక్కల ఫిలిప్స్ మొన. ఆరు కోణాల నక్షత్రంలా ఉండే మొనను అడగాలంటే టోర్క్స్ అనే చెప్పాలి, నంబరు కూడా చెప్పాలి. అమెరికాలోని కామ్‌కార్ సంస్థ 1967లో తెచ్చిన ఈ ఆరు కోణాల తల ఇప్పుడు ఐరోపా యంత్రాల్లో విస్తారంగా కనిపిస్తుంది. టీ15కూ టీ20కీ తేడా కంటికి తెలియదు. చిన్న మొన పెద్ద మరలో దూరిపోయి తిరుగుతున్నట్టే అనిపిస్తుంది గాని, బలం పెట్టగానే తల పాడవుతుంది. అందువల్ల ఎప్పుడూ పెద్ద మొనతో మొదలుపెట్టి, పట్టనప్పుడు ఒక్కో కొలత తగ్గించుకుంటూ రావాలి.

ఐరోపా యంత్రాల్లో మరో చిక్కు పోజీడ్రైవ్. అదీ నాలుగు రెక్కలదే గాని, పెద్ద గీతల మధ్య 45 డిగ్రీల కోణంలో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. ఫిలిప్స్ మొనతో వాటిని వదులుగా ఉన్నప్పుడు తిప్పగలం, బిగుసుకున్నప్పుడు మొన పైకి జారి వచ్చేస్తుంది. సన్నని గీతలు కనిపిస్తే పోజీడ్రైవ్ రెండో నంబరు మొన తెచ్చుకోండి. ఈ వాక్యాలు రాస్తున్న చేతులు ఒకప్పుడు ఫిలిప్స్ రెండో నంబరు అవసరమైన చోట ఒకటో నంబరుతో సరిపెట్టుకుని, ఒక మర తలను గిన్నెలా చేసి, దాన్ని డ్రిల్లు వేసి తీయడానికి ఒక ఆదివారం మొత్తం ఖర్చుపెట్టాయి.

మర తల కోడిగుడ్డు ఆకారంలో ఉంది, అందులో గాడి లేదు. దాన్ని ఎలా విప్పాలి?

అది అండాకార మర. జూరా యంత్రాల్లోనూ, నెస్ప్రెసో క్యాప్సూల్ యంత్రాలు చాలావాటిలోనూ తొడుగును పట్టి ఉంచేవి ఇవే. ఇక్కడ మొన మరలోకి దిగదు, మర తలే పనిముట్టులోని అండాకార రంధ్రంలోకి వెళుతుంది. వినియోగదారుడు విప్పకుండా చూడడం తప్ప దీనివల్ల వేరే ప్రయోజనం ఉన్నట్టు మాకు తోచదు. దీనికోసం ప్రత్యేకమైన కీ ఆన్‌లైన్‌లో విడిగా దొరుకుతుంది, ఐఫిక్సిట్ వంటి సంస్థల మొనల పెట్టెల్లోనూ ఉంటుంది. ధర తక్కువే కనుక కొనుక్కోవడమే మేలు.

అత్యవసరమైతే మెత్తని లోహపు గొట్టం ఒకదాన్ని మర తల మీద పెట్టి సుత్తితో తేలికగా కొట్టి, గొట్టం ఆ ఆకారానికి వచ్చాక ప్లయర్‌తో పట్టి తిప్పేవారున్నారు. మర తల చుట్టూ ఖాళీ ఉన్నచోట నోస్ ప్లయర్ కూడా పనిచేస్తుంది. అయితే ఈ మరలు చాలాచోట్ల లోతైన రంధ్రాల్లో ఉంటాయి గనుక, ఈ ఉపాయాలు ఒకటి రెండింటి వరకే సాగుతాయి. ఒకసారి విప్పాక అదే కొలతలో ఉన్న టోర్క్స్ తల మరలను వాటి స్థానంలో బిగించుకుంటే మళ్లీ ఈ బాధ ఉండదు.

మరలన్నీ తీసినా తొడుగు ఊడి రావడం లేదు. బలంగా లాగవచ్చా?

లాగకూడదు. ముందు మరొక మర మిగిలి ఉందేమో వెదకండి. రబ్బరు కాళ్ల కింద, అంటించిన లేబుళ్ల కింద, నీళ్ల తొట్టి కూర్చునే గూటిలో, కారే చుక్కలను పట్టే పళ్లెం వెనుక మరలను దాచడం తయారీదారులకు అలవాటు. లేబుల్ మీద వేలితో గట్టిగా రుద్దితే కింద గుంట ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

మరలు నిజంగానే అయిపోతే మిగిలినవి ప్లాస్టిక్ కొక్కేలు. రెండు పలకల మధ్య సందులోకి ఫోన్లు విప్పేందుకు వాడే ప్లాస్టిక్ తెడ్డునో, గిటారు వాయించే పలుచని బిళ్లనో దూర్చి సందు వెంట జరుపుకుంటూ పోతే కొక్కెం తగిలిన చోట ఆగుతుంది. అక్కడ మెల్లగా ఎత్తితే చప్పుడుతో వదులుతుంది. ఇనుప స్క్రూడ్రైవరుతో ఎత్తితే కొక్కెం కంటే ముందు పలక అంచు చితుకుతుంది. తొడుగు వదలగానే దూరంగా లాగవద్దు, బటన్ల బోర్డుకు వెళ్లే పట్టీ తీగ దానికి అంటుకుని ఉండవచ్చు.

గాజియా క్లాసిక్‌లో ఈ ప్రయాస లేదు. పైకప్పు మీద రెండు ఫిలిప్స్ మరలు తీస్తే లోపలంతా కనిపిస్తుంది. కప్పుకు కలిపిన ఎర్తు తీగను ఊడదీయడం మాత్రం మరచిపోకండి, తిరిగి పెట్టడం అంతకన్నా మరచిపోకండి.

విప్పే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గును గోడనుంచి తీసి కంటికి కనిపించే చోట పెట్టుకోవాలి. తర్వాత ఆవిరి వాల్వు తెరిచి లోపలి ఒత్తిడిని వదలాలి. కనీసం ఒక గంట చల్లారనివ్వాలి. ఆవిరి బాయిలరు 1 బార్ ఒత్తిడి దగ్గర ఉన్నప్పుడు లోపలి నీరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. ఆ స్థితిలో ఏ బోల్టు వదులు చేసినా నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తుంది. నీళ్ల తొట్టిని, చుక్కల పళ్లేన్ని తీసి, యంత్రాన్ని మందపాటి తువ్వాలు మీద పెట్టుకుంటే తొడుగుకు గీతలు పడవు.

సర్క్యూట్ బోర్డు ఉన్న యంత్రాల విషయంలో ఒక హెచ్చరిక. కొన్నిటిలో బోర్డుకు కావలసిన తక్కువ వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్ ద్వారా నేరుగా మెయిన్స్ నుంచి తీసుకుంటారు. అటువంటి బోర్డులో 5 వోల్టులని రాసి ఉన్న తీగను తాకినా 230 వోల్టుల షాకు కొట్టవచ్చు. కరెంటు ఉండగా తొడుగు లేని యంత్రంలో చేయి పెట్టవలసిన అవసరం ఇంటి పనిలో దాదాపు ఎప్పుడూ రాదు. వస్తే ఆ పని తెలిసినవారికి అప్పగించండి.

మల్టీమీటర్‌తో ఏమేమి చూడాలి?

ప్లగ్గు తీసి ఉంచి, తీగలు ఊడదీసి, ఓమ్స్ మీద పెట్టి చూస్తే చాలు. మొదట హీటరు. దాని నిరోధం ఎంత ఉండాలో ముందే లెక్కకట్టవచ్చు: వోల్టేజీని దానితోనే గుణించి, యంత్రం మీద రాసిన వాట్లతో భాగించాలి. 230 వోల్టుల మీద నడిచే 1300 వాట్ల హీటరుకు దాదాపు 41 ఓమ్‌లు, 1450 వాట్లదైతే దాదాపు 36 ఓమ్‌లు రావాలి. ఏమీ రాకపోతే హీటరు తెగిపోయింది.

హీటరు బాగుండి నీళ్లు వేడెక్కకపోతే థర్మోస్టాట్లను, మరీ వేడెక్కితే తెగి కరెంటు ఆపే థర్మల్ ఫ్యూజును చూడాలి. గాజియా క్లాసిక్‌లో కాఫీకి 107 డిగ్రీల దగ్గర, ఆవిరికి 145 డిగ్రీల దగ్గర తెగే రెండు థర్మోస్టాట్లు బాయిలరుకు బిగించి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు రెండూ కలిసి ఉండాలి, అంటే మీటరు దాదాపు సున్నా చూపాలి. థర్మల్ ఫ్యూజు ఒకసారి తెగితే మళ్లీ అతుక్కోదు, మార్చవలసిందే. దాన్ని టంకం వేసి అతికించాలని ప్రయత్నించకండి. టంకపు వేడికే కొత్త ఫ్యూజు తెగిపోతుంది, అందుకే దాన్ని గొట్టపు కనెక్టరులో నొక్కి కలుపుతారు. ఫ్యూజు తీసేసి నేరుగా తీగ కలపడం యంత్రాన్ని బాగుచేయడం కాదు, ఇంటికి నిప్పు దాచి ఉంచడం.

పంపు దగ్గర మల్టీమీటర్ కొంత మోసం చేస్తుంది. ఇళ్ల యంత్రాల్లో ఎక్కువగా ఉండే ఉల్కా వారి కంపన పంపులో కాయిల్‌తో పాటు ఒక డయోడు కలిసి ఉంటుంది. కనుక ఓమ్స్‌లో అంకె రాలేదని పంపు పోయినట్టు తీర్మానించకూడదు. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి రెండు వైపులా చూడాలి.

ప్లగ్గు పెట్టినప్పుడల్లా ఈఎల్‌సీబీ పడిపోతోంది. హీటరు మార్చాలా?

తొందరపడవద్దు. ఇళ్లలో బిగించే ఈఎల్‌సీబీలు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోతాయి. హీటరు గొట్టంలో తీగ చుట్టూ నింపే మెగ్నీషియం ఆక్సైడు పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో రెండు మూడు నెలలు వాడకుండా అలమారాలో ఉంచిన యంత్రం ఒక్కసారిగా ఇలా ప్రవర్తించడానికి అదే ముఖ్య కారణం. నీళ్లు తీసేసి, తొడుగు విప్పి, వెచ్చని పొడి చోట రెండు మూడు రోజులు ఆరనిస్తే చాలాసార్లు తిరిగి మామూలవుతుంది. ఆరిన తర్వాత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) హీటరు తీగకూ బాయిలరు లోహానికీ మధ్య చూసినప్పుడు కనీసం 1 మెగా ఓమ్ రావాలి. మెగ్గరును కొనుక్కోనవసరం లేదు, వైరింగ్ పనిచేసే ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. ప్లగ్గులోని పెద్ద ఎర్తు ముల్లుకూ బాయిలరుకూ మధ్య మామూలు మీటరుతో చూసినప్పుడు 1 ఓమ్ లోపే రావాలి. ఎర్తు లేని సాకెట్‌లో ఈ యంత్రాన్ని ఎప్పుడూ వాడకూడదు.

గ్రూప్ గాస్కెట్ (గ్రూప్ హెడ్‌కూ పోర్టాఫిల్టర్‌కూ మధ్య నీరు కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) రాయిలా గట్టిపడి బయటికి రావడం లేదు. ఏ పనిముట్టు వాడాలి?

గాజియా క్లాసిక్‌లో ముందు షవర్ స్క్రీన్ మరను తీసి, దాని వెనుక పలకను పట్టి ఉంచే రెండు బోల్టులను 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో విప్పితే గాస్కెట్‌కు దారి దొరుకుతుంది. అప్పటికీ కదలకపోతే రబ్బరులోకి సన్నని చెక్క మరలు రెండింటిని ఎదురెదురుగా కొద్ది లోతు వరకు తిప్పి, వాటి తలలను ప్లయర్‌తో పట్టి కిందికి లాగండి. ఉంగరం ముక్కలైనా ఫరవాలేదు. గాడిలో మిగిలిన నల్లటి పెచ్చులను వెదురు పుల్లతో గోకాలి, ఉక్కు మొనతో గోకితే గాడి గీరుకుపోయి కొత్త గాస్కెట్ కూడా కారుతుంది.

కొత్తది కొనేటప్పుడు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం మూడూ చూడాలి. ఫయేమా సంస్థ 1961లో తెచ్చిన ఈ61 (E61) గ్రూప్ హెడ్ ఉన్న యంత్రాలకు 73, 57 మిల్లీమీటర్ల వ్యాసాలున్న ఉంగరం వస్తుంది, మందం మాత్రం 8 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. పిడి మునుపటి కన్నా ముందుకు తిరిగిపోతుంటే కొంచెం మందమైనది ఎంచుకోండి. సిలికాన్ ఉంగరాలు రబ్బరు వాటికన్నా ఖరీదు, కానీ ఏళ్ల తరబడి మెత్తగా ఉంటాయి. మా అభిప్రాయంలో అదనంగా పెట్టే ప్రతి రూపాయికీ అవి తగినవే.

షవర్ స్క్రీన్ మర ఎంత తిప్పినా కదలడం లేదు. ఏమి చేయాలి?

కాఫీ నూనె ఎండి జిగురులా పట్టుకోవడమే ఇందుకు కారణం. యంత్రాన్ని వేడెక్కించి, ఖాళీగా నీళ్లు రెండు నిమిషాలు వదిలి, ప్లగ్గు తీసి, లోహం వెచ్చగా ఉండగానే సరైన మొనను నిటారుగా అదిమి పట్టి తిప్పండి. యంత్రాన్ని తలకిందులుగా పెట్టి శరీర బరువు మొన మీద పడేలా చేస్తే మర్నాటికి వాయిదా వేసిన పని కూడా అప్పుడే అయిపోవచ్చు. తుప్పు వదిలించే స్ప్రేలను తాగే నీరు వెళ్లే దారిలో కొట్టకండి. మళ్లీ బిగించేటప్పుడు చేతికి తగిలేంత వరకు తిప్పి, ఆ తర్వాత పావు చుట్టు చాలు.

పంపు మోగుతోంది గాని నీళ్లు రావడం లేదు. పంపు మార్చాలా?

ఎక్కువగా ఇది గాలి చిక్కుకోవడం వల్ల వస్తుంది. తొట్టిని సరిగా కూర్చోబెట్టి, ఆవిరి వాల్వు తెరిచి పంపు నడిపితే గాలి వెళ్లిపోతుంది. అప్పటికీ రాకపోతే మందుల దుకాణంలో దొరికే 50 మిల్లీలీటర్ల సూది లేని సిరంజితో తొట్టి వైపు గొట్టంలోకి నీళ్లు ఎక్కించండి. ఉల్కా ఈపీ5 వంటి పంపులను ఆపకుండా నడపకూడదు. రెండు నిమిషాలు నడిపి ఒక నిమిషం ఆపాలని వాటి మీదే రాసి ఉంటుంది. ఇంత చేసినా కదలిక లేకపోతే సున్నపు గార లోపలి కవాటాన్ని పట్టేసి ఉంటుంది. అప్పుడు పంపు మార్చడమే తేలిక: రెండు తీగలు, రెండు గొట్టాలు, రెండు రబ్బరు పట్టీలు.

గార వదిలించడానికి నిమ్మ ఉప్పు వాడవచ్చా?

వాడవచ్చు. లీటరు చల్లటి నీటికి సుమారు 20 గ్రాములు కలిపితే సరిపోతుంది. మరిగే నీటితో చేస్తే త్వరగా కరుగుతుందనుకోవడం పొరపాటు. వేడిలో కాల్షియం సిట్రేట్ తెల్లటి పొడిగా గడ్డకట్టి సన్నని దారులను మూసేస్తుంది. గాజియా క్లాసిక్‌లో పలు తరాలకు అల్యూమినియం బాయిలరే వచ్చింది, దానిలో ఆమ్లాన్ని రాత్రంతా ఉంచకూడదు. ఇరవై నిమిషాల్లో ముగించి, రెండు తొట్లు మంచినీరు వదలాలి. వెనిగరు వాసన రబ్బరు భాగాల్లో వారాల తరబడి నిలుస్తుంది కనుక దాని జోలికి పోవద్దు. హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో గార ఎంత వేగంగా పడుతుందో గీజరు విప్పి చూసినవారికి చెప్పనక్కరలేదు.

రబ్బరు ఉంగరాలకు కొబ్బరి నూనె రాయవచ్చా? వ్యాసలీన్ అయితే?

రెండూ తగవు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, వేడికి కనరువాసన వేస్తుంది. వ్యాసలీన్ పెట్రోలియం నుంచి వచ్చినది. ఎస్ప్రెసో యంత్రాల్లో విరివిగా వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆహారానికి తగిన సిలికాన్ గ్రీజు వాడాలి. మోలికోట్ 111, ఓకేఎస్ 1110 ఈ పనికి పేరున్నవి. చిన్న గొట్టం ఒకటి కొంటే ఇంటికి ఏళ్ల పాటు వస్తుంది. బియ్యపు గింజంత గ్రీజును వేలితో పలుచగా పూస్తే చాలు. సిలికాన్‌తోనే చేసిన ఉంగరాలకు మాత్రం సిలికాన్ గ్రీజు రాయవద్దు, అవి దానివల్లనే ఉబ్బుతాయి.

ఆటోమేటిక్ యంత్రాల్లో కాఫీని నొక్కే బ్రూ యూనిట్‌కు కూడా ఇదే గ్రీజు. ఫిలిప్స్ యంత్రాల్లోనూ డెలాంగీ మాగ్నిఫికాలోనూ ఆ యూనిట్ పక్క తలుపు తెరిచి మీట నొక్కితే ఊడి వస్తుంది. జూరాలో వెనుక తొడుగు విప్పితే తప్ప రాదు, అండాకార కీ అవసరమయ్యేది అక్కడే.

టెఫ్లాన్ టేపును అన్ని కలయికలకూ చుట్టవచ్చా?

మర చుట్ల మీదే నీటిని ఆపవలసిన చోట మాత్రమే చుట్టాలి. శంకువు ఆకారపు లోహపు ముఖాలు ఒకదానిమీద ఒకటి కూర్చునే రాగి గొట్టాల కలయికల్లో నీటిని ఆపేది ఆ ముఖాలే కనుక అక్కడ టేపు పనికిరాదు. చుట్టేటప్పుడు మర చివరను మీవైపు తిప్పుకుని గడియారపు ముల్లు తిరిగే దిశలో చుట్టండి, మొదటి చుట్టును వదిలేయండి. అక్కడ వేలాడే పోగు తెగి వాల్వులో ఇరుక్కుంటే కొత్త లోపం పుడుతుంది.

తీగలను, కనెక్టర్లను ఎలా తీయాలి?

చదునైన ఇత్తడి కనెక్టరును నోస్ ప్లయర్‌తో దాని మెడ దగ్గర పట్టి అటూ ఇటూ కదుపుతూ లాగాలి, తీగను పట్టి లాగితే అది కనెక్టరునుంచి ఊడుతుంది. నల్లబడినదాన్ని తిరిగి వాడకండి, అక్కడ వదులైన కలయిక వేడెక్కింది. తీగ మార్చవలసి వస్తే ఇంటి వైరింగుకు వాడే పీవీసీ తీగ వేయకూడదు. బాయిలరు పక్క వేడికి దాని తొడుగు కరిగిపోతుంది. సిలికాన్ తొడుగు ఉన్న తీగను గానీ గాజు నార తొడుగు ఉన్నదాన్ని గానీ అడిగి తెచ్చుకోవాలి.

పెట్టె మీద 15 బార్ అని ఉంది. నిజంగా ఎంత వస్తోందో ఎలా తెలుస్తుంది?

ఆ 15 పంపు చేరగల గరిష్ఠం. కాఫీకి కావలసింది 9 బార్ దగ్గర. పోర్టాఫిల్టర్ కింద ముక్కు బిగించే చోట సాధారణంగా 3/8 అంగుళం బీఎస్‌పీ (గొట్టాలకు వాడే బ్రిటిష్ కొలత) మరచుట్లు ఉంటాయి. అక్కడ 16 బార్ వరకు చూపే మీటరును బిగించి, రంధ్రాలు లేని గుడ్డి గిన్నెను మాత్రం పెట్టకుండా మామూలు గిన్నెతో చూడాలి.

అమెరికానుంచి తెచ్చిన యంత్రాన్ని ఇక్కడ వాడవచ్చా?

నేరుగా ఎన్నటికీ వద్దు. 120 వోల్టుల హీటరును 230 వోల్టులకు కలిపితే అది దాదాపు 3.7 రెట్ల శక్తిని లాగుతుంది. 1400 వాట్లది ఒక్క క్షణం 5000 వాట్లు దాటి మాడిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా రెండు ఇబ్బందులు మిగులుతాయి. 2000 వోల్ట్ ఆంపియర్లకు తగ్గనిది కావాలి, అది బరువుగా ఉంటుంది. అక్కడి 60 హెర్ట్జ్ మన దగ్గర 50 అవుతుంది కనుక కంపన పంపు సెకనుకు 60 బదులు 50 సార్లే కొడుతుంది, కాయిల్ కూడా ఎక్కువ వేడెక్కుతుంది. గాజియా క్లాసిక్ వంటి బోర్డు లేని యంత్రమైతే హీటరు, పంపు, వాల్వు కాయిల్ మూడూ 230 వోల్టులవి కొని మార్చడం సాధ్యమే. బోర్డు ఉన్నదైతే అక్కడే అమ్మేసి రావడం మంచిది. డాలస్ నుంచి తిరిగివస్తున్న బంధువులకు ఈ మాట ముందే చెప్పండి.

1600 వాట్ల యంత్రం దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది, కాబట్టి దానికి 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి.

పనిముట్లు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

అలెన్ కీలు, పానాలు, రబ్బరు ఉంగరాలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. పాత ఉంగరాన్ని జేబులో వేసుకుని వెళ్లండి, ఈపీడీఎం కావాలని నోరు తెరిచి అడగండి, లేకపోతే ఆవిరి వేడికి త్వరగా గట్టిపడే నైట్రైల్ ఉంగరం చేతిలో పెడతారు. మల్టీమీటరు, థర్మల్ ఫ్యూజుల కోసం కోఠి గుజరాతీ గల్లీ ఉంది. పంపు, గాస్కెట్, థర్మోస్టాట్ వంటివి ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి.

గ్యారంటీ ఉన్న యంత్రాన్ని విప్పవచ్చా?

గ్యారంటీ గడువు ముగిసేవరకు గ్రూప్ హెడ్ అడుగు తప్ప మరేదీ విప్పకండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో గృహోపకరణాల తయారీదారుల సర్వీసు వివరాలు చూడవచ్చు.

తిరిగి బిగించాక మొదటిసారి ఎలా నడపాలి?

ప్లాస్టిక్‌లోకి దిగే మరలను మొదట వెనక్కి తిప్పండి. పాత చుట్టులోకి జారినట్టు చిన్న తట్టు తెలుస్తుంది, అక్కడినుంచి ముందుకు బిగిస్తే కొత్త చుట్లు కోసుకోదు. బాయిలరు బోల్టులను ఒకదాని తర్వాత పక్కది కాక ఎదురెదురువాటిని కొంచెం కొంచెంగా బిగించాలి. ఎర్తు తీగను మరొకసారి మీటరుతో చూసి, తొడుగు మూసిన తర్వాతే ప్లగ్గు పెట్టాలి. మొదట హీటరు వెలగకముందే చల్లటి నీటిని పంపు చేసి బాయిలరు నింపండి. యంత్రం కింద పొడి వార్తాపత్రిక పరచి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, రెండు గ్లాసుల నీళ్లు వదిలి, ప్లగ్గు తీసి, యంత్రాన్ని పక్కకు జరిపి కాగితం చూడండి. తడి మచ్చ ఎక్కడ ఉందో దానికి సరిగ్గా పైన ఉన్న కలయికనుంచి మళ్లీ మొదలుపెట్టాలి.